రెండు పాస్‌పోర్టులు ఉన్నా చెక్‌-ఇన్ అవ్వట్లేదు, ఎక్కడ ఏది చూపించాలి?

విండోసీటు_వాణి

చిరాకులో రాస్తున్నాను, ఒక మాట అటూఇటూ అయితే సర్దుకోండి. నాకు కెనడా, బ్రిటిష్ పౌరసత్వాలు రెండూ ఉన్నాయి. ఉండేది యూకేలో. త్వరలో కెనడా వెళ్లి, వచ్చేటప్పుడు పోర్చుగల్‌లో కొన్ని రోజులు ఆగి ఇంటికి రావాలి. బుకింగ్‌లో బ్రిటిష్ పాస్‌పోర్టు నంబరు ఇచ్చాను. ఇప్పుడు ఎయిర్‌లైన్ యాప్ "మీకు కెనడా ఈటీఏ లేదు" (వీసా అక్కర్లేనివాళ్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి అది) అని ఎర్రరంగులో చూపించి ముందుకు కదలనివ్వట్లేదు. సరే అది తీసుకుందామని వెళ్తే, వేరే పౌరసత్వం ఉందా అని ఫారం అడిగింది. కెనడా అని పెట్టగానే మీరు అప్లై చేయడానికి లేదు అంది. యాప్‌లో రెండో పాస్‌పోర్టు పెట్టడానికి చోటే లేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఒకాయన "ఏ పాస్‌పోర్టు మీద బుక్ చేశారో మొత్తం ప్రయాణం దాని మీదే చేయాలి" అన్నారు. మళ్లీ చేస్తే ఇంకొకావిడ "రెండూ పట్టుకురండి, ఎయిర్‌పోర్టులో చూద్దాం" అన్నారు. ఎవరి మాట నమ్మాలి?

ప్రయాణాల_పంతులు

వాణి గారూ, టెన్షన్ పడకండి. మొదటాయన చెప్పింది తప్పు. టికెట్ మీ పేరు మీద ఉంటుంది, పాస్‌పోర్టు నంబరు మీద కాదు. నంబరు విమానం ఎక్కేలోపు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి ఇవ్వొచ్చు.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, దారిలో పాస్‌పోర్టు అడిగేవాళ్లు అందరూ ఒకే సంగతి అడగరు. బయల్దేరే దేశంలో ఇమిగ్రేషన్ ఉంటే వాళ్లకి కావాల్సింది "మా దేశంలోకి ఎలా వచ్చావు, గడువు దాటి ఉన్నావా" అన్నది. అక్కడ లోపలికి వచ్చినప్పుడు ఏది చూపించారో అదే చూపించాలి. ఎయిర్‌లైన్‌కి మీరు ఎలా వచ్చారన్నది అనవసరం. దిగే చోట మిమ్మల్ని లోపలికి రానిస్తారా లేదా అన్నదే వాళ్ల బాధ. రానివ్వకపోతే వెనక్కి తీసుకురావాల్సింది వాళ్లే, పైన జరిమానా కూడా. అందుకే కౌంటర్‌లో వాళ్లు ఐఏటీఏ (విమాన సంస్థల సంఘం) వాళ్ల టైమాటిక్ అనే ప్రయాణ పత్రాల డేటాబేస్‌లో మీ పాస్‌పోర్టు దేశం, వెళ్లే దేశం కొట్టి చూస్తారు. మీ యాప్ చేసిందీ ఆ పనే. బ్రిటిష్ పాస్‌పోర్టుతో కెనడాకి విమానంలో వెళ్లాలంటే ఈటీఏ కావాలి. మీరు కెనడా పౌరులు కాబట్టి మీకు ఈటీఏ ఇవ్వరు. రెండూ సరిగ్గానే పనిచేస్తున్నాయి, మధ్యలో ఇరుక్కున్నది మీరు.

కాబట్టి వెళ్లేటప్పుడు కెనడా పాస్‌పోర్టు పెట్టించండి. కెనడా నుంచి పోర్చుగల్‌కి మీ ఇష్టం, ఏదైనా ఒకటే. పోర్చుగల్ నుంచి యూకేకి ఎయిర్‌లైన్‌కి బ్రిటిష్‌ది ఇవ్వండి. రెండూ చేతి సంచిలోనే ఉంచుకోండి, చెక్-ఇన్ లగేజీలో పెట్టొద్దు.

గాలిపటం

ఒక్క పాస్‌పోర్టే ఉన్నందుకు మొదటిసారి గర్వంగా ఉంది. వీసా ఆఫీసు క్యూలో నిలబడి చదువుతున్నా.

సరిహద్దు_సత్తి

పంతులు గారు చెప్పింది కరెక్టే, కొంచెం కలుపుతాను. ఈ కెనడా రూల్ 2016 నవంబరు నుంచి గట్టిగా అమలవుతోంది. అంతకుముందు ద్వంద్వ పౌరులు ఇంకో దేశం పాస్‌పోర్టుతో విమానం ఎక్కేసి, దిగాక పౌరసత్వం కార్డు చూపించుకునేవాళ్లు. ఇప్పుడు ఎక్కేటప్పుడే ఆపుతారు. ఒక్క మినహాయింపు ఉంది: కెనడాతో పాటు యూఎస్ పౌరసత్వం ఉన్నవాళ్లు చెల్లుబాటులో ఉన్న యూఎస్ పాస్‌పోర్టుతో ఎక్కొచ్చు.

కెనడా పాస్‌పోర్టు గడువు అయిపోయి ప్రయాణం దగ్గరపడితే, వీసా అక్కర్లేని దేశం పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి స్పెషల్ ఆథరైజేషన్ అని ఒకటి ఇస్తారు. మీరు చెప్పిన ప్రయాణ తేదీ నుంచి 14 రోజులే చెల్లుతుంది. అది ఒకసారి గట్టెక్కడానికి మాత్రమే, దాన్ని నమ్ముకుని పాస్‌పోర్టు రెన్యువల్ మానేయకండి.

ఇంకోటి, ఇది విమానం ఎక్కడానికి సంబంధించిన రూల్. పౌరుడు సొంత దేశంలోకి వచ్చే హక్కు అక్కడి రాజ్యాంగ చార్టర్‌లోనే ఉంది. రోడ్డు మీద సరిహద్దుకి వెళ్లి పౌరుడినని రుజువు చేసుకుంటే వెనక్కి పంపరు. కాకపోతే యూకే నుంచి రోడ్డు లేదు కదా.

మూడోగేటు

ఇదే కథ ఇప్పుడు యూకే వైపు కూడా మొదలైంది. 2026 ఫిబ్రవరి 25 నుంచి బ్రిటిష్ ద్వంద్వ పౌరులు యూకేకి విమానం ఎక్కాలంటే బ్రిటిష్ పాస్‌పోర్టు ఉండాలి, లేదంటే యూకేలో ఉండే హక్కు ఉందని చూపే సర్టిఫికెట్ ఆఫ్ ఎన్‌టైటిల్‌మెంట్ ఉండాలి. కెనడా పాస్‌పోర్టు చూపించి యూకే ఈటీఏ తీసుకుందామంటే కుదరదు, బ్రిటిష్ పౌరులకి అది లేదు. ఐరిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి మాత్రం ఈ గొడవ లేదు.

మా బావమరిది బ్రిటిష్ పౌరసత్వం వచ్చాక పాస్‌పోర్టు తీసుకోలేదు. "పౌరసత్వం ఇచ్చిన సర్టిఫికెట్ ఉందిగా, ఇంకెందుకు ఖర్చు" అన్నాడు. ఆ సర్టిఫికెట్ ఫైల్లో దాచుకోవడానికి బాగుంటుంది, విమానం ఎక్కడానికి పనికిరాదు. ఇప్పుడు పాస్‌పోర్టుకి అప్లై చేసి, సెలవు ప్లాన్ మొత్తం వెనక్కి జరిపి కూర్చున్నాడు. ఇంట్లో ఎవరూ మాట్లాడట్లేదు అతనితో.

గాలిపటం

@మూడోగేటు అక్క కూడానా?

మూడోగేటు

అక్కే ముందు.

అట్లాంటిక్_అత్త

పంతులు గారితో నాకు ఒక పేచీ ఉంది. "ఎయిర్‌లైన్‌కి దిగే దేశం పాస్‌పోర్టు ఇవ్వండి" అన్నది అన్ని చోట్లా సరిపోదు. యూఎస్ పౌరులు యూఎస్‌లోకి రావాలన్నా, అక్కడి నుంచి బయటికి వెళ్లాలన్నా యూఎస్ పాస్‌పోర్టే వాడాలని చట్టంలోనే ఉంది. అక్కడ బయటికి వెళ్లేటప్పుడు ఇమిగ్రేషన్ కౌంటర్ ఉండదు. ఎయిర్‌లైన్ పంపే ప్రయాణికుల వివరాలనే ప్రభుత్వం చూసుకుంటుంది. అంటే యాప్‌లో మీరు కొట్టిన నంబరే మీ ఎగ్జిట్ రికార్డు. నేను యూఎస్ నుంచి ఆస్ట్రేలియా వెళ్లేటప్పుడు ఆస్ట్రేలియా పాస్‌పోర్టు మాత్రమే ఇస్తే, యూఎస్ పౌరురాలు బయటికి వెళ్లినట్టు ఎక్కడా నమోదు కాదు కదా?

ప్రయాణాల_పంతులు

అత్తా, మంచి పాయింటు. అందుకే యూఎస్ నుంచి బయల్దేరేటప్పుడు నేను ఆన్‌లైన్ చెక్‌-ఇన్ జోలికే పోను. కౌంటర్‌కి వెళ్తాను. యూఎస్ పాస్‌పోర్టు ఇచ్చి, "అక్కడ దిగడానికి ఇది" అని రెండోది ఇస్తాను. వాళ్ల సిస్టంలో యూఎస్‌కి పంపే వివరాలు వేరు, గమ్యానికి పత్రాలు సరిపోతాయా అని చూసుకునేది వేరు. తెలిసిన మనిషి అయితే క్షణంలో అయిపోతుంది.

అట్లాంటిక్_అత్త

తెలిసిన మనిషి అయితే. ఆ మాటలోనే ఉంది కష్టమంతా. కిందటిసారి కౌంటర్‌లో ఉన్న కుర్రాడు నా యూఎస్ పాస్‌పోర్టులో ఒక్కో పేజీ తిప్పి ఆస్ట్రేలియా వీసా కోసం వెతికాడు. "వీసా ఉండదు నాయనా, నేను ఆ దేశం పౌరురాలిని" అని రెండోది తీసి ఇచ్చాను. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని, ఒకసారి నన్ను, ఒకసారి వాటిని చూసి, "మేడమ్, ఇందులో మీరు ఎవరు?" అన్నాడు. వెనకాల లైన్లో వాళ్లు నవ్వారు. చివరికి సూపర్‌వైజర్ వచ్చి, కంప్యూటర్ కీబోర్డు తన వైపు తిప్పుకుని రెండు నిమిషాల్లో చేసేసింది.

విండోసీటు_వాణి

"ఇందులో మీరు ఎవరు" 😂 నేనైతే ఫొటోలు చూసి రెండూ కాదనేదాన్ని.

కొత్తపెన్ను

మధ్యలో దూరుతున్నాను. మరి ఇండియన్ పాస్‌పోర్టు కూడా అలాగే ఉంచేసుకుని, అక్కడికి వెళ్లేటప్పుడు అది, మిగతా చోట్ల రెండోది వాడుకోవచ్చా? మా ఫ్రెండ్ ఒకడు వాడొచ్చు అంటున్నాడు.

సరిహద్దు_సత్తి

వద్దు. ఆ ఫ్రెండ్ మాట అసలే వినొద్దు.

లాయరమ్మ

@కొత్తపెన్ను, భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం, కావాలని వేరే దేశం పౌరసత్వం తీసుకున్న క్షణమే భారత పౌరసత్వం పోతుంది. మీరు పాస్‌పోర్టు సరెండర్ చేసినా చేయకపోయినా పోయినట్టే. ఆ తర్వాత పాత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేస్తే మీది కాని పత్రం వాడినట్టు, అది నేరం. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుని చాలామంది రెండో పౌరసత్వం అనుకుంటారు. పేరులో సిటిజన్ అని ఉన్నా అది జీవితకాలం చెల్లే వీసా లాంటిది. ఓటు ఉండదు, దాంతో పాటు విదేశీ పాస్‌పోర్టు చూపించాల్సిందే.

ఇలా ఒప్పుకోని దేశాలు ఇంకా ఉన్నాయి: చైనా, సింగపూర్ లాంటివి. ఒప్పుకోవడం మొదలుపెట్టినవీ ఉన్నాయి. ఆస్ట్రేలియా 2002 ఏప్రిల్ నుంచి తన పౌరులు ఇంకో పౌరసత్వం తీసుకున్నా ఫర్వాలేదంది. జర్మనీ 2024 జూన్ 27 నుంచి అందరికీ ఒప్పుకుంది. కాబట్టి రెండో దేశం ఒప్పుకుంటే చాలదు, మొదటి దేశం కూడా ఒప్పుకోవాలి. ఈ థ్రెడ్‌లో మనం మాట్లాడుకునేది రెండు వైపులా ఒప్పుకున్నవాళ్ల గురించి.

కొత్తపెన్ను

అర్థమైంది అండీ. ఫ్రెండ్‌కి లింక్ పంపించాను. చదివాడు, రిప్లై లేదు.

యూరప్_బస్సు

వాణి గారి పోర్చుగల్ భాగాన్ని అందరూ దాటేశారు. అక్కడే ఇప్పుడు జాగ్రత్తగా ఉండాలి. 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ దేశాల్లో (మధ్యలో సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాలు, పోర్చుగల్ అందులోదే) ఈఈఎస్ అనే ఎంట్రీ-ఎగ్జిట్ సిస్టం మొదలైంది. ఈయూ పౌరులు కానివాళ్లు వచ్చినప్పుడు, వెళ్లినప్పుడు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు, ముఖం ఫొటో, నాలుగు వేళ్ల ముద్రలు తీసుకుంటారు. మీ రెండు పాస్‌పోర్టులూ ఈయూవి కావు కాబట్టి ఏది చూపించినా 180 రోజుల్లో 90 రోజులే. కానీ దేంతో లోపలికి వెళ్లారో దాంతోనే బయటికి రండి. లోపలికి కెనడాది చూపించి బయటికి వచ్చేటప్పుడు బ్రిటిష్‌ది ఇస్తే, ఆఫీసర్‌కి ఎంట్రీ లేని మనిషి కనిపిస్తారు. పాత రోజుల్లో అయితే స్టాంపు వెతికేవాడు.

తొంభై_ప్లస్

అయితే ఒక ఐడియా. రెండు పాస్‌పోర్టులు ఉంటే 90 + 90 ఉండొచ్చు కదా? ఒకదాని గడువు అయిపోగానే బయటికి వచ్చి ఇంకోదాంతో వెళ్లడమే.

యూరప్_బస్సు

ఆ 90 రోజులు మనిషికి, పుస్తకానికి కాదు. స్టాంపుల కాలంలో ఎవరైనా తప్పించుకున్నారేమో నాకు తెలీదు, ఇప్పుడు వేళ్లు మాత్రం పాస్‌పోర్టుతో పాటు మారవు. ఓవర్‌స్టే అని పడితే జరిమానా, తర్వాత కొన్నాళ్లు రానివ్వకపోవడం.

తొంభై_ప్లస్

సరదాకి అడిగా సార్.

మూడోగేటు

హ్యాండిల్ చూస్తే సరదాకి అడిగినట్టు లేదు బ్రో.

యూరప్_బస్సు

నా కేసు ఇంకోరకం, పనికొస్తుందేమో చెప్తాను. నాకు ఐరిష్, యూఎస్ పాస్‌పోర్టులు. ఐర్లాండ్ ఈయూ దేశమే కాబట్టి షెంగెన్‌లో ఐరిష్‌ది చూపిస్తే ఈఈఎస్‌లో ఎక్కించరు, 90 రోజుల లెక్కా లేదు. పొరపాటున లోపలికి యూఎస్‌ది స్కాన్ చేసి బయటికి ఐరిష్‌ది స్కాన్ చేసే వాళ్లు ఉంటారు. అప్పుడు ఆ అమెరికన్ ఇంకా యూరప్‌లోనే ఉన్నాడని సిస్టం అనుకుంటుంది. రోజులు దాటాక ఓవర్‌స్టే జాబితాలోకి ఎక్కిస్తుంది. ఐరిష్‌ది చూపించి రుజువు చేసుకోవచ్చు కానీ కౌంటర్ దగ్గర ఆ పంచాయితీ ఎవరికి కావాలి?

డబ్లిన్ నుంచి యూఎస్‌కి వెళ్తే అక్కడే ప్రీక్లియరెన్స్ ఉంటుంది. ఐర్లాండ్ గడ్డ మీదే యూఎస్ ఆఫీసర్లు చూసేస్తారు. అక్కడ తీయాల్సింది యూఎస్ పాస్‌పోర్టు. నేను దిగే దేశాన్ని బట్టి కాకుండా, ఎవరి బల్ల ముందు నిలబడ్డానో చూసుకుని మారుస్తాను.

నిదానం_నీలిమ

మీ అందరికీ కనీసం రెండిట్లో పేరు ఒకటే. నాకు ఒకదాంట్లో పెళ్లికి ముందు ఇంటిపేరు, ఇంకోదాంట్లో పెళ్లయ్యాక ఇంటిపేరు. అది చాలదన్నట్టు, మొదటి పేరులో ఒకదాంట్లో స్పేస్ ఉంది, ఇంకోదాంట్లో కలిపేశారు. టికెట్ ఏ పేరు మీద తీయాలి?

ప్రయాణాల_పంతులు

విమానం ఎక్కేటప్పుడు ఏ పాస్‌పోర్టు చూపిస్తారో ఆ పేరు మీద. వెళ్లడం, రావడం వేర్వేరు టికెట్లు అయితే వేర్వేరు పేర్లు పెట్టుకోవచ్చు. ఒకే టికెట్ అయితే ఒకటి ఎంచుకుని, పేరు మారిందని చూపే కాగితం (పెళ్లి సర్టిఫికెట్, గెజిట్, ఏదైతే అది) దగ్గర ఉంచుకోండి.

నిదానం_నీలిమ

అదే చేస్తున్నాను. కానీ ప్రతిసారీ ఓ పరీక్షే. ఒకసారి కౌంటర్‌లో అమ్మాయి రెండు ఫొటో పేజీలూ తెరిచి, కింద ఉండే ఆ బాణం గుర్తుల లైన్ల మీద పెన్ను మూతతో ఒక్కో అక్షరం పోల్చుకుంటూ వెళ్లింది. ఇంటిపేరు దగ్గర ఆగింది. పెళ్లి సర్టిఫికెట్ ఇచ్చాను. చదివింది, పుట్టిన తేదీ రెండిట్లో చూసింది, మళ్లీ నా ముఖం చూసింది, "కంగ్రాచ్యులేషన్స్" అంది. పెళ్లయి మా పెద్దది కాలేజీకి వచ్చింది.

సరిహద్దు_సత్తి

😂😂

ఆ లైన్ల సంగతి వచ్చింది కాబట్టి: ఒక్కో లైనులో 44 అక్షరాలే పడతాయి, పై లైనులో పేరుకి మిగిలేది 39. పేర్లు పొడుగ్గా ఉన్నవాళ్లకి ఒక దేశం ఒకచోట కత్తిరిస్తుంది, ఇంకో దేశం ఇంకోచోట. గేట్ల మెషీన్లు చదివేది ఆ లైన్లనే, పైన అందంగా అచ్చువేసిన పేరు కాదు. టికెట్ మీద పేరు ఆ లైన్లతో పోల్చి చూసుకోండి.

మూడోగేటు

నీలిమ గారూ, వీలైతే తర్వాతి రెన్యువల్‌లో రెండూ ఒకటి చేయించేయండి. యూకేలో అయితే పాస్‌పోర్టు ఇచ్చేటప్పుడే మీ విదేశీ పాస్‌పోర్టులో కూడా అదే పేరు ఉండాలని అడుగుతారు.

అడక్కుండా_చెప్పను

నా పద్ధతి ఒకటే. రెండోది ఉందని ఎవరికీ చెప్పను. అడిగితే ఇస్తాను, లేకపోతే సంచిలోనే. రెండూ బల్ల మీద పరిచి పెడితే లేనిపోని ప్రశ్నలు పుడతాయి.

అట్లాంటిక్_అత్త

నేను ఒప్పుకోను. దాచినట్టు కనిపిస్తే అప్పుడే అనుమానం. ద్వంద్వ పౌరసత్వం ఆ రెండు దేశాల్లో చట్టబద్ధం అయినప్పుడు భయం ఎందుకు?

అడక్కుండా_చెప్పను

అత్తగారూ, భయం కాదు. ఆఫీసర్‌కి తన దేశం పాస్‌పోర్టు కనపడితే మూడు సెకన్లలో పంపించేస్తాడు. రెండోది కూడా కనపడితే దాన్ని కూడా తిరగేస్తాడు. నా వెనకాల వంద మంది ఉంటారు.

లాయరమ్మ

మీరిద్దరూ రెండు వేరే విషయాలు మాట్లాడుతున్నారు. కౌంటర్‌లో అడగనిది ముందుకు తోయకపోవడం తప్పు కాదు. కానీ ఫారంలో "వేరే పౌరసత్వాలు ఉన్నాయా" అని ఉంటే నిజమే రాయాలి. వీసా ఫారాల్లో, యూఎస్ ఈఎస్‌టీఏలో (వీసా అక్కర్లేనివాళ్లు ఆన్‌లైన్‌లో తీసుకునే యూఎస్ అనుమతి) ఈ ప్రశ్న ఉంటుంది. అక్కడ లేదని రాసి దొరికితే వీసా పోవడం చిన్న విషయం, అబద్ధం చెప్పారన్న ముద్ర తర్వాతి అప్లికేషన్లన్నిటికీ వెంట వస్తుంది. కొన్నిసార్లు నిజం చెప్పినందుకు దారి మారుతుంది కూడా. యూఎస్ 2015లో తెచ్చిన చట్టం ప్రకారం, వీసా అక్కర్లేని దేశం పౌరుడే అయినా ఇరాన్, ఇరాక్, సిరియా, సూడాన్ పౌరసత్వం కూడా ఉంటే ఈఎస్‌టీఏ కుదరదు, మామూలు వీసాకి వెళ్లాలి.

ఎవరూ మాట్లాడని ఇంకో సంగతి. రెండు పాస్‌పోర్టులుంటే రెండు ఎంబసీలు వెనకాల ఉన్నట్టు అనుకుంటాం. మూడో దేశంలో ఉన్నప్పుడు కొంతవరకు నిజమే. కానీ ఆ రెండిట్లో ఒక దేశంలోనే ఉండి ఇబ్బందిలో పడితే, రెండో దేశం ఎంబసీ చేయగలిగింది బాగా తక్కువ. 1930 హేగ్ ఒప్పందం నాలుగో అధికరణం ఇదే చెప్తుంది: తన పౌరుడు అవతలి దేశానికీ పౌరుడైతే, ఆ దేశానికి వ్యతిరేకంగా అతనికి దౌత్య రక్షణ ఇవ్వడానికి లేదు. ఇరాన్ అయితే రెండో పౌరసత్వాన్ని గుర్తించనే గుర్తించదు, అక్కడ అడుగుపెట్టాక మీరు ఇరాన్ పౌరులు మాత్రమే.

సైన్యం సంగతి కూడా చూసుకోవాలి. దక్షిణ కొరియా పౌరసత్వం పుట్టుకతో వచ్చిన మగపిల్లలు, వదులుకోవాలనుకుంటే 18 ఏళ్లు వచ్చే సంవత్సరం మార్చి 31 లోపే వదులుకోవాలి. దాటితే సైనిక సేవ విషయం తేలేదాకా వదులుకోవడం కష్టం. దక్షిణ ఆఫ్రికా పెద్దవాళ్లయిన తన పౌరులు వేరే పాస్‌పోర్టుతో రాకపోకలు సాగిస్తే నేరం అంటుంది. ఇజ్రాయెల్ కూడా తన పౌరులు తన పాస్‌పోర్టుతోనే రావాలి, పోవాలి అంటుంది. టికెట్ కొనేముందు రెండు దేశాల రూల్సూ చదవండి, ఒకదాని వెబ్‌సైట్ చూసి వదిలేయొద్దు.

గాలిపటం

అక్కా, మీ పోస్టు చదివాక నా ఒక్క పాస్‌పోర్టుని కళ్లకద్దుకున్నా.

యూరప్_బస్సు

అందరూ భయపెట్టేస్తున్నారు, లాభాలు కూడా చెప్పండయ్యా. బ్రెజిల్ 2025 ఏప్రిల్ నుంచి యూఎస్, కెనడా, ఆస్ట్రేలియా వాళ్లకి మళ్లీ వీసా పెట్టింది. నేను ఐరిష్‌ది చూపించి వీసా లేకుండా వెళ్లొచ్చాను. మూడో దేశానికి వెళ్లేటప్పుడు ఏది సుఖంగా ఉంటే అది వాడుకోవచ్చు. కాకపోతే లోపలికి, బయటికి అదే.

సరిహద్దు_సత్తి

అవును, కానీ రెండిటికీ గడువు ఉండేలా చూసుకోవాలి. చాలా దేశాలు ఆరు నెలలు మిగిలి ఉండాలంటాయి. షెంగెన్‌కి అయితే బయటికి వచ్చే తేదీ తర్వాత మూడు నెలలు ఉండాలి, పైగా పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటకూడదు. వాణి గారూ, పోర్చుగల్‌కి వాడేది ఒకసారి తెరిచి తేదీ చూడండి.

విండోసీటు_వాణి

చూశాను, రెండూ బాగానే ఉన్నాయి. అప్‌డేట్: ఈసారి ఫోన్ కాకుండా చాట్‌లో రాశాను. "వెళ్లే ప్రయాణానికి పాస్‌పోర్టు వివరాలు తీసేసి కెనడాది పెట్టండి" అని పంతులు గారి మాటే పెట్టాను. వెంటనే మార్చారు, యాప్‌లో ఎరుపు పోయి పచ్చగా వచ్చింది. తిరుగు ప్రయాణానికి అప్పుడు మళ్లీ అడగమన్నారు. లిస్బన్ నుంచి విడి టికెట్, దానికి బ్రిటిష్‌ది నేనే పెట్టేశాను. షెంగెన్ లోపలికి, బయటికి కూడా బ్రిటిష్‌దే వాడతాను.

ప్రయాణాల_పంతులు

బాగుంది. ఆ చాట్ స్క్రీన్‌షాట్ దాచుకోండి, ఎయిర్‌పోర్టులో ఎవరైనా మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే పనికొస్తుంది.

నడిచే_నాన్న

ఇదంతా చదివాక నాకు కొత్త గుబులు. నేను కెనడా పౌరుడిని, మా బాబు పుట్టింది యూకేలో, నాకు కెనడా పౌరసత్వం వచ్చాకే. వాడికి బ్రిటిష్ పాస్‌పోర్టు ఒక్కటే ఉంది. కెనడాది మేం అసలు అడగలేదు. అంటే వాడికి ఒక్క పౌరసత్వమే కదా? ఈటీఏ తీసుకోవచ్చా?

లాయరమ్మ

అడగకపోతే రాకుండా పోదు. కెనడా పౌరుడికి బయట పుట్టిన బిడ్డ మొదటి తరమే అయితే పుట్టుకతోనే కెనడా పౌరుడు, మీ కేసులో వాడు పౌరుడే. మీరు అప్లై చేయాల్సింది పౌరసత్వానికి కాదు, అది ఉందని చూపే సర్టిఫికెట్‌కి. తర్వాత పాస్‌పోర్టు. నెలలు పట్టొచ్చు, ఇప్పుడే మొదలుపెట్టండి.

తెలియకుండా పౌరులైపోవడం పెద్దవాళ్లకీ జరుగుతుంది. ఆస్ట్రేలియా రాజ్యాంగం సెక్షన్ 44 ప్రకారం వేరే దేశం పౌరులు పార్లమెంటు సభ్యులు కాలేరు. 2017లో అక్కడి ఉప ప్రధాని బార్నబీ జాయిస్ తండ్రి వైపు నుంచి న్యూజీలాండ్ పౌరుడని తేలి, అక్టోబరు 27న హైకోర్టు ఆయన ఎన్నిక చెల్లదంది. ఆయన వదులుకుని, ఉప ఎన్నికలో మళ్లీ గెలిచాడు.

నడిచే_నాన్న

మావాడికి పార్లమెంటు ప్లాన్లు లేవు, వచ్చే వేసవికి తాతయ్యని చూడాలంతే. సర్టిఫికెట్‌కి పిల్లాడి బర్త్ సర్టిఫికెట్ పొడుగు కాపీ కావాలా, చిన్నది సరిపోతుందా?

సరిహద్దు_సత్తి

తల్లిదండ్రుల పేర్లు ఉన్నది కావాలి. యూకేలో చిన్న కాపీలో అవి ఉండవు, పొడుగుదే ఆర్డర్ చేయండి.